అకమా గారిని సాగనంపిన సాయంత్రం

ఈసారి విందు కళకళలాడి తీరాలని మిహో షిషిదో ఆ బుధవారం పొద్దున్నే గట్టిగా అనుకుంది. షిఒగామా రేవులో, చేప రుబ్బి ఆవిరి మీద ముద్దలు చేసే ఫ్యాక్టరీలో ఆమె గుమాస్తా. ఎవరికి స్వాగతం చెప్పాలన్నా, ఎవరికి వీడ్కోలు చెప్పాలన్నా ఏర్పాట్లు ఆమె నెత్తినే పడేవి. ఇంతవరకూ ఆమె చేసిన విందులన్నీ చప్పగానే ముగిశాయి. కిందటేడు ఒక డ్రైవరు రిటైరైతే పిలిచినవాళ్లలో సగంమంది రాలేదు. పాపం ఆయన నేలమీద అతిథుల కోసం పరిచిన ఖాళీ దిండ్ల మధ్య కూర్చుని, వాళ్ల వాటా సుషీ కూడా తానే తిని, కడుపునొప్పితో ఇల్లు చేరాడు.

ఈసారి రిటైరవుతున్నది తొయొకొ అకమా. ముద్దల రుచి చూసి బాగుందో లేదో తేల్చే అధికారిణి. ఆమె నాలుకకు నచ్చకపోతే పళ్లేలకు పళ్లేలే చెత్తలోకి పోయేవి. పెళ్లి చేసుకోలేదు. నవ్వగా చూసినవాళ్లు లేరు. విందు అనగానే మిహో ముఖంలోకి తేరిపార చూసి, "వస్తాను. కానీ నన్ను ఖాళీ దిండ్ల మధ్య కూర్చోబెట్టకు," అంది.

అలా కూర్చోబెట్టనని మాటైతే ఇచ్చింది గానీ, మిహో ఎవరిని అడిగినా మొహం చాటేశారు. ఒకరికి పంటినొప్పి, ఒకరికి అత్తగారి పుట్టినరోజు. ప్యాకింగులో పనిచేసే నగానె అయితే సాకు కూడా వెతుక్కోలేదు. "ఆవిడ ఎదురుగా కూర్చుంటే నాకు ముద్ద దిగదు," అంది. చివరికి వస్తామన్నవాళ్లు మిహోతో కలిపి నలుగురు.

అయినా మొండిగా రేవులోని పాత సుషీ దుకాణానికి ఫోన్ చేసింది. ఎత్తింది యజమాని భార్య కియొ బామ్మ. ఆవిడకు ఒక చెవి వినపడదు. అలవాటుకొద్దీ ఫోన్ ఆ చెవికే పెట్టుకునేది.

"ఎవరికమ్మా విందు?"

"మా అకమా గారికండీ. శుక్రవారం సాయంత్రం సాగనంపుతున్నాం."

"ఎవరూ, తొయొకోనా? సాగనంపుతున్నారా?"

"అవునండీ. ఇన్నేళ్లూ మా ఇంటి మనిషిలా ఉన్నారు. ఇక కొత్త జీవితం కదా."

అవతల ముక్కు చీదిన చప్పుడైంది. "ఎన్నాళ్లకు చల్లటి మాట చెప్పావమ్మా. పై హాలు మొత్తం మీదే. తక్కిన ఏర్పాట్లు నాకొదిలెయ్."

రిటైర్మెంటుకు ఇంతగా కరిగిపోయే మనుషులు ఇంకా ఉన్నారా అని మిహో మురిసిపోయింది.

ఫోన్ పెట్టగానే కియొ బామ్మ భర్త మసూకిచికి చెప్పింది: తొయొకొ అకమాకు పెళ్లి కుదిరింది. మర్నాడు తెల్లవారగట్ల మసూకిచి చేపల వేలంలో ఆ మాట చెప్పాడు. వేలం వేసే ఒనొదెరా పెద్దాయన, భార్య పోయి చాలా ఏళ్లయిన మనిషి, ఆ మాట వినగానే సగంలో ఆగిపోయాడు. ఎక్కడ ఆపాడో గుర్తురాలేదు. నిలువెత్తు ట్యూనా ఒకటి సగం ధరకే పోయింది.

గురువారం మధ్యాహ్నానికి ఫ్యాక్టరీలో గాలి మారిపోయింది. పంటినొప్పి ఆయనకు నొప్పి తగ్గింది. అత్తగారి పుట్టినరోజు పై నెలకు జరిగిపోయింది. నగానె స్వయంగా మిహో బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"నేనూ వస్తాను. ఊ, అతను కూడా వస్తాడా? అదే, కొత్తాయన?"

అకమా స్థానంలో చేరబోయే కుర్రాడి గురించే అడుగుతోందనుకుంది మిహో. "హియామా గారా? రాకుండా ఎలా ఉంటారు? అకమా గారి పక్కనే కూర్చోబెడుతున్నాను."

"వయసెంత?"

"ఇరవై ఆరు."

నగానె చేతిలో పళ్లెం జారింది. "ఇరవై ఆరా?"

"ఆవిడే ఏరికోరి ఎంచుకున్నారు. ఇంకా చాలామందిని చూశారట, ఒక్కరూ నచ్చలేదట."

"మరి ఆ పిల్లాడు ఒప్పుకున్నాడా?"

"ఎగిరి గంతేశాడు. సెందాయ్‌లో వాళ్లమ్మ ఊరంతా చెప్పుకుందట."

సాయంత్రానికి రేవంతా అదే మాట. అకమా చెవిన మాత్రం పడలేదు. పలకరించే ధైర్యమే ఎవరికీ లేనప్పుడు ఆ మాట అడిగేదెవరు?

శుక్రవారం సాయంత్రం సుషీ దుకాణం మెట్లెక్కిన మిహో గుమ్మంలోనే ఆగిపోయింది. హాల్లో అడుగుపెట్టే చోటు లేదు. ఫ్యాక్టరీ మొత్తం వచ్చింది. వేలంవాళ్లు వచ్చారు. బంగారు రేకు తెర ముందు రెండు దిండ్లు పక్కపక్కన వేసి ఉన్నాయి. శుభకార్యాలకు వండే ఎర్రన్నం, తెల్లటి ముద్దలు, గులాబీరంగు ముద్దలు, మధ్యలో తోక పైకి వంచిన ఎర్రటి తై చేప. "ఇంత మర్యాద ఎందుకు బామ్మగారూ?" అని మిహో అడిగితే కియొ బామ్మ ఆమె చెయ్యి నిమిరి, "ఇలాంటిది మళ్లీ మళ్లీ వస్తుందా?" అంది. నిజమే కదా అనుకుంది మిహో.

హియామా నల్ల సూటులో వచ్చి, చూపించిన దిండు మీద ముడుచుకుని కూర్చున్నాడు. అకమా ఆ పక్కన కూర్చుని, నిండిపోయిన దిండ్లన్నీ ఒక్కొక్కటే చూసింది. తరవాత మిహో వైపు తిరిగి తల ఊపింది.

నగానె హియామాకు బియ్యపు సారా, సాకే, పోసింది. "ఆవిణ్ని జాగ్రత్తగా చూసుకో బాబూ."

"ఆవిడ చెప్పినట్టే నడుచుకుంటానండీ."

"ముందు ఎవరు అడిగారు? నువ్వా, ఆవిడా?"

"ఆవిడేనండీ. కళ్లు మూసుకుని నోరు తెరవమన్నారు. తరవాత, నువ్వు పనికొస్తావు అన్నారు."

నగానె రుమాలు తీసి కళ్లొత్తుకుంది. మసూకిచి ట్యూనా, రొయ్య, పీతల సుషీలు పళ్లేలనిండా పంపుతున్నాడు. నవ్వులు, కేకలు, గ్లాసుల చప్పుడు. మిహో జీవితంలో అంత కళకళలాడే విందు చూడలేదు, అదీ తన చేతి మీదుగా.

అప్పుడు ఫ్యాక్టరీ ప్రెసిడెంటు లేచారు. జేబులోంచి బారెడు ప్రసంగం తీసి, ముందుగా గ్లాసు ఎత్తారు. "నూతన దంపతులకు."

అందరూ ఎత్తారు. హియామా కూడా ఎత్తి, ఎవరా దంపతులు అని అటూ ఇటూ చూశాడు.

అకమా గ్లాసు దించింది. "ఎవరికి?"

హాలు చల్లబడిపోయింది. ప్రెసిడెంటు నగానె వైపు చూశారు, నగానె మసూకిచి వైపు, మసూకిచి భార్య వైపు. కియొ బామ్మ వేలెత్తి మిహోను చూపించింది. మిహోకు ఫోన్లో అన్న మాటలన్నీ వరసగా గుర్తుకొచ్చాయి. చాపకు నుదురు ఆనించి వంగిపోయింది.

"నాదే తప్పండీ. సాగనంపుతున్నాం అన్నాను. రిటైరవుతున్నారని అనలేదు."

"తలెత్తు," అంది అకమా. "ఒట్టి రిటైర్మెంటే అని తెలిస్తే ఎంతమంది వచ్చేవాళ్లు?"

అబద్ధం చెప్పడానికి మిహోకు నోరు రాలేదు. "నలుగురం అండీ."

ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. మూలనుంచి ఒనొదెరా పెద్దాయన లేచాడు. అప్పటిదాకా ఒక్క ముక్క ముట్టలేదు.

"అయితే పెళ్లి లేదా?"

"లేదండీ."

"ఈ అబ్బాయితో కూడా?"

"నేనా?" అన్నాడు హియామా.

"ఎవరితోనూ లేదు," అంది అకమా.

బజారంతా వినపడే గొంతు ఆయనది. ఇప్పుడది పీలగా వచ్చింది. "రోజూ అందరిచేతా వేలంపాట పాడిస్తానండీ. నేను మాత్రం ఇన్నేళ్లూ నోరు మెదపలేకపోయాను. మీరు వెళ్లిపోతారని నిన్నంతా... ఆలస్యమైపోయిందా అని అడుగుదామని వచ్చాను."

అకమా ఆయన్ని చాలాసేపు చూసింది. ముద్ద నోట్లో వేసుకుని తేల్చేటప్పుడు చూసే చూపే అది.

"పోటీ పాట ఏమన్నా ఉందా?" అని హాలును అడిగింది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. వేలంవాళ్లకు అర్థమైంది. ఒకడు బల్ల మీద కొట్టి, "ఒకటోసారి," అన్నాడు. హాలంతా అందుకుంది. "రెండోసారి." ఒనొదెరా మెడదాకా ఎర్రబడ్డాడు. మూడోసారి ఎవరూ అనలేదు. అందరూ ఆమెకే వదిలేశారు.

అకమా అరచేత్తో బల్ల మీద ఒక్క దెబ్బ వేసింది. గ్లాసులు ఎగిరాయి. "మూడోసారి," అంది, నవ్వింది. ఆ నవ్వు చూసి పంటినొప్పి ఆయన సాకే మీద పోసుకున్నాడు. కేకలకు కింద వీధిలో పోయేవాళ్లు ఆగి పైకి చూశారు. హియామా తన దిండు ఖాళీ చేసి, ఒనొదెరాను భుజాలు పట్టి దాని మీద కూలేశాడు. నగానె మిహోను కావలించుకుని, "ఇంత బాగా ఎవరు చెయ్యగలరే," అంది.

ప్రెసిడెంటు గారు తన ప్రసంగంలో వరుడి పేరు మాత్రం మార్చుకుని, మొదటి నుంచి చదవడం మొదలుపెట్టారు.