గీత దాటని చెదలు

తన కూతుర్ని తనకు కాకుండా చేసింది బావమరిదేనని వడ్రంగి గట్టి నమ్మకం. కాలేజీలో లెక్చరరైన అతను పిల్లకొక భూతద్దం కొనిచ్చి, ప్రతి ఆదివారం తన ఇంటికి పిలిపించుకుని గొల్లభామలనూ పేడపురుగులనూ చూపిస్తున్నాడు. పదేళ్ళ పిల్ల. రోజుకు వంద 'ఎందుకు'లు అడుగుతుంది, అన్నీ మామయ్యనే. ఒకసారి తండ్రి ఏదో చెప్పబోతే, "నీకు తెలీదులే నాన్నా," అంది. కోపంగా కాదు, మామూలుగానే. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషికి ఆ మాట గోరు కింద దిగిన చెక్కపేడులా ఉండిపోయింది.

మంగళవారం ఒక పాత ద్వారబంధం కోయబోతూ, పెన్సిలు దొరక్క బాల్‌పెన్నుతో గీత గీశాడు. అందులోంచి రాలిన చెదపురుగులు ఆ గీతనే పట్టుకుని ఒకదాని వెనక ఒకటి నడిచాయి. గీత వంకర తిరిగినచోట అవీ తిరిగాయి. రంపం పక్కన పడేసి గంటసేపు చూశాడు. చెద పట్టిన చోట జానెడు ముక్క కోసి, తడిగోనెలో చుట్టి డబ్బాలో దాచాడు. ఆదివారం దాకా భార్యకు కూడా చెప్పలేదు.

"ఈ పూట మామయ్య దగ్గరికి వద్దులే. షెడ్డుకు రా, నీకొకటి చూపిస్తా," అన్నాడు ఆ పొద్దున. పిల్ల మొహమాటానికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడింది.

అట్టముక్క మీద గీత గీసి చెదలను వదిలాడు. పిల్ల చెప్పులు ఎప్పుడు విప్పిందో, నేల మీద బోర్లా పడుకుని ఉంది. కాసేపటికి వీధి పిల్లలందర్నీ పోగేసింది. తలా ఒక పెన్ను. అట్టముక్కలు అయిపోయాయి. అప్పుడు వాళ్ళ కళ్ళు బల్ల మీద పాలిష్ ఆరుతున్న డాక్టరమ్మ బీరువా తలుపు మీద పడ్డాయి. వద్దనాలని వడ్రంగికి తెలుసు. కానీ కూతురు అతని భుజానికి ఆనుకుని ఉంది. ఎన్నాళ్ళయిందో అలా ఆనుకుని.

"గుండ్రంగా గియ్యండి," అన్నాడు.

డాక్టరమ్మ వచ్చేసరికి ఆమె తలుపు మీద చెదలు కవాతు చేస్తున్నాయి.

"ఏంటయ్యా ఇవి?"

"చెదలండి. కంగారు పడకండి, మీ చెక్కలోవి కావు. నేనే తెచ్చి వదిలాను."

"మా నాన్న వీటిని డబ్బాలో పెంచుతున్నాడు ఆంటీ," అంది కూతురు గొప్పగా.

డాక్టరమ్మ బీరువా వద్దని చెప్పి వెనక్కి తిరిగింది. వీధి మలుపులో ఆమెకు ఎదురైనవాడు, రెండు తలుపులు చేయమన్న మేస్త్రీ. సంగతి అతనికీ చెప్పింది. వడ్రంగి డబ్బా పట్టుకుని వాళ్ళ వెంట పడ్డాడు, లోపలివి బయటికి రావని నమ్మించడానికి. నమ్మించడానికే మూత తీశాడు. గుప్పెడు చెదలు మేస్త్రీ పాదం మీద పడ్డాయి. మేస్త్రీ తన తలుపులు వద్దని, కాలు దులుపుకుంటూనే తమ్ముడికి ఫోన్ చేసి, పెళ్ళికని చేయిస్తున్న మంచం ఇంకెక్కడైనా చూసుకోమన్నాడు.

తిరిగొచ్చేసరికి షెడ్డులో బావమరిది. మేనకోడలు రాలేదేమిటని వెతుక్కుంటూ వచ్చాడట. ఇక ఈ పూట కూడా అతనిదేననుకుని వడ్రంగి డబ్బాను బల్ల మీద పెట్టేశాడు.

"పెన్సిలు గీత మీదైతే ఇవి నడవట్లేదు. ఎందుకు నాన్నా?" అంది పిల్ల.

తననే అడిగిందా అని వడ్రంగి ఒకసారి బావమరిది వైపు చూశాడు.

"వీటికి కళ్ళుండవమ్మా. వాసనేమో. నాకూ సరిగ్గా తెలీదు. వేరే పెన్నుతో చూద్దామా?"

లెక్చరరు నోరు తెరిచాడు. పిల్ల ఆ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు చెప్పకు మామయ్యా. మేం కనుక్కుంటాం."

లెక్చరరు ఒక నిమిషం నిలబడి చూశాడు. తర్వాత బూట్లు విప్పి, "కాస్త జరుగు బావా," అంటూ రంపపు పొట్టులో కూర్చున్నాడు.

"వచ్చే ఆదివారం దాకా ఇవి బతికుంటాయా నాన్నా?"

"నేను చూసుకుంటాగా," అన్నాడు వడ్రంగి.

ఆ పూట అతని చెయ్యి జారిపోయినవి ఒక బీరువా, రెండు తలుపులు, ఒక పెళ్ళిమంచం. చెదలు తిన్నది మాత్రం జానెడు పాత చెక్క.