ముప్పై ఎనిమిది, తొంభై మూడు

"ఈ రోజు నుంచి సద్గుణ కాలనీలో కంటికి కనబడని తప్పంటూ ఉండదు!"

కాలనీ సంఘం అధ్యక్షుడు మదన్‌మోహన్ గేటు దగ్గర కుర్చీ ఎక్కి మరీ ప్రకటించాడు. ఆ మాటకు జహీరాబాద్ హైవే మీద చెరుకు లారీలు కూడా హారన్లు ఆపాయని ఆయన నమ్మకం. సంగతేమిటంటే, మూలనున్న ఖాళీ ప్లాటులో ఎవరో కాలనీ లేవకముందే చెత్త పోసిపోతున్నారు. అందుకని నాలుగు కెమెరాలు! ఆదివారం మీటింగులోపు ఆ ఘనుడు దొరక్కపోతే వాచ్‌మన్ యాకోబు ఉద్యోగం ఊడుతుంది. అసలు పోసేది యాకోబేనని అధ్యక్షులవారి గట్టి అనుమానం. ఆధారమా? అతను గళ్ళ లుంగీ కడతాడు!

"లుంగీ కట్టెటోనికి సాఫ్ సఫాయి ఏం తెలుస్తది?" అన్నాడాయన.

కెమెరాలు బిగించడానికి టెక్నీషియన్ జ్యోతి వచ్చింది. నిచ్చెనెక్కి, ఒక చేత్తో అరచేయంత మీటరు పట్టుకుని, రెండో చేత్తో లెన్సు తిప్పుతూ, "ఎవరన్నా జర ఎదురుంగ నిలబడున్రి" అంది.

ఎదురుగా నిలబడటం మదన్‌మోహన్‌కి పుట్టుకతో వచ్చిన విద్య. ఇస్త్రీ మడత నలగని తెల్ల లాల్చీ పైజామాలో తెల్లగోడ ముందు నిలబడ్డాడు.

"ముప్పై ఎనిమిది దాటుతలేదు సార్. యాకోబన్నా, నువ్వు రా."

యాకోబు భయం భయంగా వచ్చి నిలబడ్డాడు. లెన్సు కాస్త తిప్పిందో లేదో, తొంభై ఒకటి!

"గది మనిషికేసే మార్కు కాదు సార్" అని జ్యోతి నిచ్చెన మీంచే విడమర్చి చెప్పింది. "బొమ్మ ఎంత సాఫ్‌గ పడ్డదో చెప్తది. తెల్లబట్టల గీతలుండవు, దానికి ఏం దొరకది. గళ్ళయితే మస్తు దొరుకుతది."

వినేదెవరు? పక్కింటి శ్రీనివాసరావు అప్పటికే చప్పట్లు కొడుతున్నాడు. ఆయన ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు, గుంటూరు నుంచి వచ్చి పదేళ్ళయింది, అధ్యక్ష పదవి మీద అంతే కాలంగా కన్నుంది. "దిగులు పడకండి ప్రెసిడెంటు గారూ! ముప్పై ఐదు దాటింది కదండీ, పాసైపోయినట్టే!"

ఆ పూట మదన్‌మోహన్‌కి అన్నం సయించలేదు.

"గా మార్కుల ఫికర్ ఇడువున్రి" అంది భార్య మనోరమ. "పొద్దుగాల ఎనిమిదింటికి చెత్తబండొస్తది, జర బకెట్ ఇచ్చి రాన్రి."

"అధ్యక్షుడు బకెట్ పట్కొని రోడ్డు మీద నిలబడాల్నా? ఇజ్జత్ ఏం గావాలె?"

ఇజ్జత్ నిలబడుతూనే ఉంది, బకెట్ రోజూ ఖాళీ అవుతూనే ఉంది. ఎక్కడ ఖాళీ అవుతోందని మనోరమ ఏనాడూ అడగలేదు.

మర్నాడు ప్లాటు దగ్గర నాలుగో కెమెరా వంతు. మదన్‌మోహన్ బజారుకెళ్ళి, దుకాణంలో అన్నిటికంటే చిన్న గళ్ళున్న లుంగీ ఏరి తెచ్చి, కట్టుకుని నిలబడ్డాడు. తొంభై మూడు!

"చూసిన్రా! బిడ్డా, గట్టిగ బిగియ్యి. ఇగ జన్మల కదలద్దు!"

జ్యోతి గట్టిగానే బిగించింది. ఆ లుంగీని ఆయన మూడు రోజులు విప్పలేదు.

ఆదివారం వచ్చింది. హాలు కిటకిటలాడుతోంది. గుమ్మంలో యాకోబు, తాళాల గుత్తి అప్పజెప్పడానికి సిద్ధంగా, పాలిపోయిన మొహంతో నిలబడ్డాడు. జ్యోతి పెద్ద టీవీలో శనివారం పొద్దుటి రికార్డింగు పెట్టింది.

వీపు కనబడింది. చేతిలో బకెట్, కింద గళ్ళ లుంగీ. మదన్‌మోహన్ గుండె జారింది. కెమెరా పెట్టింది దొంగల కోసం గానీ అధ్యక్షుడి కోసం కాదు కదా అని ఆయన ధీమా మరి!

"లుంగీ! ఇంకెవరు, యాకోబే!" అంది హాలు.

జారిన గుండె చటుక్కున చోటికొచ్చింది. "నేను చెప్పలే?" అని లేచాడు మదన్‌మోహన్. "ఇయ్యాల్నే తీసెయ్యాలె!"

యాకోబు తాళాలు బల్ల మీద పెట్టాడు.

టీవీలో బకెట్ బోర్లపడింది. లుంగీ నాలుగడుగులు వేసి, సరిగ్గా తొంభై మూడొచ్చిన చోటికి రాగానే ఆగింది. వెనక్కి తిరిగింది. జుట్టు సవరించుకుని, మీసం దువ్వి, కెమెరాకేసి చూసి చిరునవ్వు నవ్వింది.

హాల్లో తలలన్నీ అధ్యక్షుడి వైపు తిరిగాయి.

"ఆహా! గళ్ళు లెక్కపెట్టుకోవచ్చండీ!" అన్నాడు శ్రీనివాసరావు.

తన నవ్వు అంత వెకిలిగా ఉంటుందని మదన్‌మోహన్‌కి ఇన్నేళ్ళలో తెలియలేదు. యాకోబు వచ్చి బల్ల మీది తాళాలు తీసుకున్నాడు. అధ్యక్షుడు జ్యోతి చెవి దగ్గరికి వంగాడు.

"బిడ్డా, జర ముప్పై ఎనిమిదికి తెస్తవా?"

"రాదు సార్" అంది జ్యోతి. "మీరు చెప్పినట్టే గట్టిగ బిగిచ్చిన."