బక్కయ్య ధవళదుప్పటీ సంగ్రామము

స్వస్తిశ్రీ! భరతఖండమున, గుర్జరదేశమున, తపతీనదికి దక్షిణమున, మరమగ్గముల టకటకయే మంగళవాద్యముగా పొద్దు పొడుచు, సూరత్ నగరపు 'ఉన్' అను కార్మికనివాసభూమియందు, ఒకానొక మంగళవారమున, సిరిసిల్ల పద్మశాలి కులదీపకుడును, ధవళవస్త్రనిర్మాణధురంధరుడును, ఇంట చెప్పిన మాట ఏనాడును వినని వాడును అగు బక్కయ్య, సెల్‌ఫోనును ధనుస్సువలె చేపట్టి సమరసన్నద్ధుడయ్యెను. నవ్వకుడు. ఈ కథకునకు ఇంతకన్న గొప్ప యుద్ధము దొరకలేదు, ఏమి చేయుదును!

శత్రువెవ్వరందురా? సర్కారువారు సరుకు కొనెడి ఆన్‌లైన్ పోర్టలు. నిన్నటిదాక సాధుజీవి. రాత్రికి రాత్రి అప్‌డేటను వరమునంది, తెల్లవారుసరికి కొత్త శాసనము వేసెను: అమ్మువారందరు సరుకునకు కొత్త ఫొటో ఎక్కించవలెను; వెనుక తెలుపు తప్ప వేరు రంగు కానరాదు; సాయంత్రములోగా ఎక్కించనివాని సరుకు పోర్టలునుండి మాయమగును.

బక్కయ్య అమ్మునదేమి? సర్కారు దవాఖాన మంచములపై పరచు తెల్ల దుప్పటి. తెల్లగోడపై తెల్ల దుప్పటి. అయ్యో రామా!

పరుల మగ్గములపై ఇన్నేండ్లు నేసి, మొన్ననే ఆ మగ్గముల యజమాని సేఠ్ ఎదుట ఛాతీ విరిచి, "ఇగ నా మగ్గం నాది" అని చెప్పి వచ్చిన వీరుడాయె. దుప్పటి మాయమైన సర్కారు కొనదు; సర్కారు కొనకున్న తాను కిరాయికి తెచ్చుకొన్న మగ్గములు నిలుచును; తానేమో తల వంచుకొని మరల సేఠ్ గుమ్మమెక్కవలెను.

అంతట దుప్పటిని ఇస్త్రీ చేసి, ముడత లేకుండ గోడకు బిగించి, ఫొటో తీసి ఎక్కించెను. "చిత్రమున వస్తువు కానరాదు" అని పోర్టలు ఎఱ్ఱక్షరములతో తిప్పికొట్టెను. మరల ఇస్త్రీ. మరల ఫొటో. మరల ఎఱ్ఱక్షరములు. మధ్యాహ్నము దాటెను, అన్నము చల్లారెను, వీరుని కన్నులు మాత్రము నిప్పులైనవి.

"ఏందిరో పోర్టలూ! కండ్లున్నయా నీకు? సూరత్ మొత్తం తిరుగు, బార్డోలీ దాక పో, గింత తెల్లటి దుప్పటి యాడన్న ఉన్నదా? పాలు సుత దీని ముంగట నల్లగ కనబడ్తయ్! నా బట్ట మీద ఒక్క ముడత జూపియ్యి, మీసం గీక్కుంట!" అని గర్జించెను.

ఫోనునకు ఛార్జింగు తగ్గెను.

అప్పుడు చాయగ్లాసు చేతబట్టి భార్య ఊర్మిళ వంటింటినుండి వెడలెను. "జర పక్కకు జరుగయ్యా. ముడత లేకనే కనబడ్తలేదు. నలిపితే నీడ పడ్తది. నీడ పడ్తే కనబడ్తది."

నలుపుటా! దిక్కులు దద్దరిల్లెను, దిక్కులు కాకున్నను బక్కయ్య చెవులు. పెండ్లినాటినుండి దుప్పటిపై ఎవరు కూర్చున్నను "ముడత, ముడత" అని లేపిన మహానుభావుడు కదా! "నలిగిన బట్ట సర్కారుకు జూపియ్యాల్నా? గీడు నేతగాడేనా అంటరు. ఇజ్జత్ పోతది, ఊర్మిళా!"

"సేఠ్ కాడికి పోతే ఉంటదా ఇజ్జత్?"

పొద్దు వాలుచుండెను. వీరుడు దుప్పటి అంచు పట్టెను గాని నలుప చేతులు రాలేదు. మొగము తిప్పుకొని, "నువ్వే కానియ్యి" అనెను.

ఊర్మిళ దుప్పటిని గోడనుండి లాగి, మంచముపై పడవేసి, దానిపై హాయిగ కూర్చుండెను. చాయ మొత్తము తాగెను. తొందరపడలేదు. పిదప లేచి, దానిని గోడకు వ్రేలాడదీసెను. ముడతల నీడలలో దుప్పటి స్పష్టముగ కనబడెను. ఫొటో ఎక్కెను. పచ్చని టిక్కు వెలిగెను.

బక్కయ్య వెంటనే ఇస్త్రీపెట్టె అందుకొనెను. దుప్పటిని మంచముపై పరచెను. పరచి, ఏమి తోచెనో, పెట్టె కింద పెట్టి, దానిపై తానే కూర్చుండెను.

"మెత్తగనే ఉన్నదే!" అనెను, ఆశ్చర్యపోయి.

"ఇన్నేండ్లకు తెలిసిందా? జర జరుగు" అని ఊర్మిళ పక్కన చేరెను.

జయము! జయము! ఒక్క ఫొటో ఎక్కెను, ఒక్క దుప్పటి నలిగెను, నేసినవాడు దానిపై కూర్చుండెను.