నలభై ఒక్క ఎర్ర చీటీలు

శనివారం పొద్దున సునీల్‌కుమార్ అనుకున్నది చాలా చిన్న పని. పటాన్‌చెరు పంపుల ఫ్యాక్టరీలో అతను క్వాలిటీ ఇన్‌స్పెక్టరు. భోజనాల వేళ మర్నాటి ప్రసంగం రాసుకోవాలి, సాయంత్రం దీపాల వేళకు పుస్తకం తిరిగి ఇచ్చేయాలి. ప్రసంగం చర్చిలో, "పాత కావ్యాలను విశ్వాసి ఎలా చదవాలి" అని. పుస్తకం ఇంటి ఓనరు అన్నపూర్ణమ్మది. చిన్నప్పుడు బళ్ళో బహుమతిగా వచ్చిన కావ్యం, మొదటి పేజీలో మాస్టారి దస్తూరీ ఉంది. కన్నకూతురికైనా ఇవ్వనిది కిరాయిదారుకు ఇచ్చింది. అది పోతే ఆవిడ ముఖం చూసే ధైర్యం అతనికి లేదు.

అలవాటు ఊరుకోనిస్తుందా? ఫ్యాక్టరీలో బాగున్న వస్తువుకు పచ్చ చీటీ, పనికిరాని వస్తువుకు ఎర్ర చీటీ. కావ్యానికీ అదే పద్ధతి పెట్టాడు మహానుభావుడు. జూదం కనబడితే ఎర్ర చీటీ, వేశ్య కనబడితే ఎర్ర చీటీ, అబద్ధం కనబడితే ఇంకోటి. పేజీల మధ్య మొత్తం నలభై ఒకటి తేలాయి. పచ్చవి రెండే. ఒకటి ముద్రాపకుడి చిరునామాకు, ఒకటి ఆరు పేజీల వాన వర్ణనకు.

ఫ్యాక్టరీ క్యాంటీనులో టిఫిను తిని వచ్చేసరికి తన బల్ల మీద పుస్తకం లేదు.

"రాములన్నా, ఈడ పుస్తకం పెట్టిన, సూసినవా?"

స్టోర్సు హెల్పరు రాములు ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఎర్ర చీటీ ఉన్నదేదీ బల్ల మీద ఉంచిన పాపాన పోలేదు. "స్క్రాపు జాలీల ఏసిన సారూ. ఒకటా రెండా, నలభై ఒక్క చీటీలు. గంత ఖరాబు మాల్ నా సర్వీసుల సూడలే. కంప్యూటర్ల గూడ ఎక్కించిన."

జాలీ అంటే తాళమేసిన ఇనుప వల గది. తాళంచెవి స్టోర్సు ఇన్‌చార్జి నరసరాజు దగ్గర ఉంటుంది. ఆయన ఫారం లేకుండా సొంత గొడుగు కూడా బయటికి తీసుకెళ్ళని మనిషి.

"రిజెక్ట్ చేసింది మీరేనండి సునీల్ గారూ. ఇప్పుడు బయటికి రావాలంటే ఏం తప్పో, అది ఎలా సరయిందో ఒక్కో చీటీకీ ఒక్కో ఫారం రాయాలి. మూడింటికి ముత్తంగి నుంచి స్క్రాపు లారీ వచ్చేస్తుందండి."

అంతలో మేనేజరు ఫోను. పొద్దున్నే నలభై ఒక్క రిజెక్షన్లు పడ్డాయని ఆయన పంపుల లైను మొత్తం ఆపించేశాడు.

"అది పుస్తకం సార్," అన్నాడు సునీల్.

"పుస్తకమైనా పంపైనా కంప్యూటర్‌లో నలభై ఒకటి ఉన్నయ్. అవి క్లోజ్ అయ్యేదాకా లైను కదలదు."

ఇక చేసేదేముంది? నరసరాజు రాములును మాత్రం లోపలికి పంపి మళ్ళీ తాళమేశాడు. రాములు జాలీ లోపల ఇనుప ముక్కల మీద కూర్చుని పేజీ తిప్పి వలకు ఆనించి పట్టుకున్నాడు. సునీల్ బయట నేల మీద బాసింపట్టు వేసుకుని ఫారాలు పట్టాడు. మొదటి తప్పు, జూదం. సరయింది ఎలా? తెలియక కిందికి గట్టిగా చదివాడు. సర్వం ఓడిన ఆ జూదరి, ఒంటి మీది కంబళి తీసి చలికి వణికే శత్రువుకు కప్పాడు. రెండో చీటీ, వేశ్య. ఆమె తనను తిట్టిన ఊరికే కరువులో గంజి పోసింది.

"జెర ఆగు సారూ," అన్నాడు రాములు. "చీటీ పెట్టినంక కిందికి సదవలేదా నువ్వు?"

చదవలేదు. ఒక్క కొలత తప్పితే మిగతావి కొలవక్కర్లేదన్నది ఫ్యాక్టరీ రూలు. సునీల్‌కు సిగ్గేసింది. ప్రభువు కూడా అదే రూలు పట్టుకుని ఉంటే తను ఏ జాలీలో పడి ఉండేవాడో అనుకున్నాడు, కళ్ళు చెమర్చాయి. తర్వాత ఒక్కో ఫారంలో "పశ్చాత్తాపం", "కనికరం", "క్షమాపణ" అని రాస్తూ పోయాడు.

రెండూ యాభైకి నలభై ఒకటో చీటీ దగ్గర పెన్ను ఆగింది. రాజభటులకు పచ్చి అబద్ధం చెప్పినవాడు. సరయినట్టు ఎక్కడా లేదు. బయట లారీ హారన్ కొట్టింది.

అప్పటిదాకా వెనక నిలబడి వింటున్న నరసరాజు ఫారం లాక్కున్నాడు. "ఆ అబద్ధం ఆడకపోతే పసిబిడ్డ బతికేది కాదు కదండీ," అంటూ తనే రాసి, తనే సంతకం పెట్టి, తాళం తీశాడు. రూలు ప్రకారం ఎర్ర చీటీలు తీసి నలభై ఒక్క పచ్చ చీటీలు పెట్టించాడు. లైను కదిలింది.

దీపాల వేళకు సునీల్ పుస్తకం ఇచ్చి, జరిగింది దాచకుండా చెప్పి, తల వంచుకుని నిలబడ్డాడు. అన్నపూర్ణమ్మ కళ్ళజోడు సవరించుకుని చీటీ చీటీ చూసుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగింది.

"ఇవన్నీ బాగానే ఉన్నాయి నాయనా. ఈ వాన వర్ణనకు పచ్చ చీటీ ఏమిటి? యాభై ఏళ్ళుగా దీన్ని చదవలేక దాటేస్తున్నాను. ఎర్రది ఒకటి ఉంటే ఇటివ్వు."

సునీల్ జేబు తడిమి ఒకటి ఇచ్చాడు, ఈ పుస్తకం రాములు కంట మాత్రం పడనివ్వొద్దని మరీ మరీ చెప్పాడు.