రెండించులు పెరిగిన రహమతుల్లా

ఆ పొద్దు సకీనా వేసుకున్న పథకంలో మొగుడు లేడు. పెండ్లివారి రవికెలు పదకొండు సంచిలో సర్దుకోవడం, బండి తీయడం, పది గంటలకల్లా జమ్మలమడుగులో ఇచ్చి రావడం, అంతే. సంచి భుజానికి తగిలించుకుని తలుపు తీసేసరికి వాకిట్లో ఆటో ఆగింది. అందులోంచి ముందు రెండు సూట్‌కేసులు దిగాయి. వాటి వెనక మూడేండ్లుగా కువైట్‌లో ఉన్న రహమతుల్లా దిగాడు.

"చెప్పకుండా వచ్చినా. ఎట్లుంది?" అన్నాడు నవ్వుతూ.

సకీనాకు సంతోషమూ భయమూ ఒకేసారి వచ్చాయి. మొగుడి చూపు అప్పటికే ఆమెను దాటి, వరండా పక్కనున్న ఎర్ర స్పోర్ట్స్ బండి మీద వాలింది.

ఆ బండంటే రహమతుల్లాకు ప్రాణం. కొన్న నెలకే విమానం ఎక్కాల్సి వచ్చింది. పోతూ పోతూ, "రోజూ ఒకసారి స్టార్ట్ చెయ్, బ్యాటరీ పోతాది. ఎక్కొద్దు" అని మరీ మరీ చెప్పి పోయాడు. సకీనా ప్రొద్దుటూరులో పేరున్న టైలరు. రవికెల మూటతో బస్టాండులో నిలబడి నిలబడి విసుగెత్తి, ఒకనాడు ఎక్కనే ఎక్కింది. కాళ్ళు నేలకు అందలేదు. ఊళ్ళోనే బండి ఎత్తు తగ్గించుకుంటే ఊరంతా చెప్పుకుంటారని, పడుతూ లేస్తూ పులివెందుల దాకా పోయి, ఆరిఫ్ అనే మెకానిక్ చేత బండి వెనక భాగం రెండించులు దింపించింది.

"ముందర గూడా దించల్లక్కా. ల్యాకపోతే మలుపులో బండి మాట వినదు, నేరుగా పోతానంటాది. స్టాండు గూడా కోయల్ల" అన్నాడు ఆరిఫ్.

"ప్యాంటు పొడుగైతే కిందనే మడుస్తాం. నడుముకాడ గూడా మడుస్తామా?" అని సకీనా తన వృత్తి అనుభవాన్ని అతనికి వినిపించింది. కోసిన స్టాండును మొగుడు కనిపెడతాడని దాన్నీ ముట్టనివ్వలేదు. అప్పటినుంచి స్టాండు వేస్తే బండి ఒరగకుండా నిటారుగా నిలబడేది, గాలి తోలితే అవతలికి పడేది. ఆమె వరండా పక్కన చిన్న గుంట తవ్వి స్టాండును అందులో దించడం మొదలుపెట్టింది. మలుపు రాకముందే బ్రేకు వేసి, హ్యాండిలు గట్టిగా నెట్టి తిప్పడం కూడా నేర్చుకుంది. ఏడాదిగా అంతా సాఫీగానే నడుస్తోంది.

రహమతుల్లా సూట్‌కేసులు వాకిట్లోనే వదిలేసి బండెక్కాడు. రెండు పాదాలూ నేల మీద చక్కగా ఆనాయి. ఒకప్పుడు మునివేళ్ళు మాత్రమే తగిలేవి. కిందికి చూశాడు, దిగాడు, మళ్ళీ ఎక్కి చూశాడు.

"ఏందిది? బండి కుంగినట్లుందే?"

సకీనా నోరు తెరిచింది. నిజం చెప్పేసేదే. అంతలో వాళ్ళత్త గుల్జార్‌బీ కొడుకును చూసి పరుగున వచ్చింది. కోడలు బండి నడుపుతుందని ఆమెకు తెలుసు గానీ, దింపించిందని తెలియదు.

"ఇనుప బండి యాడన్నా కుంగుతాదిరా? నువ్వే పొడుగైనావు. ఆ దేశంలో ఖర్జూరాలు శానా తింటారంట గదా!"

"నేనూ అదే అనుకుంటాండా" అనేసింది సకీనా. ఆ మాట ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు.

రహమతుల్లా కాళ్ళవైపు చూసుకుని, "పెరిగింటే ప్యాంటు పొట్టి కావల్ల గదా" అన్నాడు. కువైట్‌లో ఉన్నా లెక్క తప్పని మనిషి.

"అది ప్రయాణంలో సాగింటాది. పో, స్నానం చెయ్. ఇంట్లో ఉండే ప్యాంటు ఇస్త్రీ చేసిస్తా."

అతను నాలుగు చెంబులు పోసుకునేలోపల మిషన్ మీద ప్యాంటు అంచులు ఒకటిన్నర ఇంచు లోపలికి మడిచి కుట్టేసింది. బయటికొచ్చి తొడుక్కున్న రహమతుల్లాకు చీలమండలు కనిపించాయి. నిజంగానే పెరిగానన్న సంతోషానికి కండ్లలో నీళ్ళు తిరిగినంత పనైంది.

పక్కింటి రిటైర్డ్ టీచరు బాలసుబ్బయ్య గోడమీదుగా ఇదంతా విని, "ముప్పైనాలుగేండ్లకు ఎవురన్నా పెరుగుతారా అప్పా?" అన్నాడు.

"ఆ ఎండకు ఇనుమే సాగుతాది సార్. మనిషి సాగడా?" అన్నాడు రహమతుల్లా. వెంటనే సకీనా వైపు తిరిగి, "ఎక్కు. జమ్మలమడుగుకు పోదాం. కమాల్ బావ పక్కన నిలబడల్ల" అన్నాడు.

రహమతుల్లా అక్క మొగుడు కమాల్ బాషా లారీ డ్రైవరు. పెండ్లిపందిట్లో అందరిముందూ "బుడ్డోడా" అని పిలిచినప్పటినుంచీ ఆ పేరు రహమతుల్లాను వదల్లేదు. ఈ రోజుతో దాని సంగతి తేలిపోవాలి. సకీనా రవికెల సంచి ఒళ్ళో పెట్టుకుని, ఉన్న దువాలన్నీ చదువుకుంటూ వెనక కూర్చుంది. తాళంచెవి అతని చేతిలోకి పోతే, రేపటినుంచి మళ్ళీ బస్టాండే.

ఇద్దరి బరువుకు ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా బండి పొట్ట గర్రుమంది. "రోడ్లు ఎత్తు చేసినారే" అన్నాడు అతను. జమ్మలమడుగు ఇంకో రెండు మైళ్ళుందనగా పెద్ద మలుపు వచ్చింది. రహమతుల్లా ఒరిగాడు గానీ బండి ఒరగలేదు. రోడ్డు ఎడమకు తిరిగింది, బండి నేరుగా పోయి రోడ్డంచున ఆరబోసిన శనగల కుప్పలో దిగబడింది.

కుప్ప యజమానురాలు వెంకటసుబ్బమ్మ పార పట్టుకుని లేచింది. "రోడ్డు ఆపక్క పోతాంటే నువ్వు ఈపక్క వస్తివే! కండ్లు బండికి ల్యావా, నీకు ల్యావా?"

"కొత్తగా పొడుగైనానమ్మా. చేతులు అలవాటు కాలే" అన్నాడు రహమతుల్లా నిజాయితీగా. శనగలన్నీ ఎత్తిపోసి, జేబుల్లో పడ్డవి కూడా తిరిగిచ్చి కదిలారు.

కమాల్ బాషా ఇంటిముందు బండి స్టాండు వేసి, సలామైనా చెప్పకుండా బావ వీపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. అక్క వచ్చి ఇద్దరి తలలమీదా చెయ్యి పెట్టి చూసింది. కమాల్ బాషా ఎప్పటిలాగే రెండించులు ఎత్తున్నాడు.

రహమతుల్లా తిరిగి చూసి నిర్ఘాంతపోయాడు. "బావా! నువ్వు గూడా పెరిగినావే!"

ఆ క్షణంలో కాస్త గాలి తోలింది. నిటారుగా నిలబడ్డ బండి అవతలికి ఒరిగి కమాల్ బాషా నీళ్ళ డ్రమ్ము మీద పడింది. అతను వంగి బండిని ఒక్కసారి పరీక్షగా చూశాడు.

"ఎవురప్పా ఈ బండి దించింది? వెనక దించి ముందర వదిలేసినారు. స్టాండన్నా కోయల్ల గదా!"

 రహమతుల్లా బండిని చూశాడు, తన చీలమండలను చూసుకున్నాడు, చివరికి పెండ్లాన్ని చూశాడు.

"ప్యాంటు ఎంత మడిచినావు?"

"ఒకటిన్నర ఇంచు" అంది సకీనా. ఇక దాచి లాభం లేదు. "మూడేండ్లు రోజూ ఫోన్లో బండి ఎట్లుందని అడిగినావు. నేను మూట పట్టుకుని బస్టాండులో ఎట్ల నిలబడినానో ఒక్కరోజన్నా అడిగినావా?"

 బండి చెడిందన్న బాధకంటే, పొద్దున వచ్చిన రెండించులు మధ్యాహ్నానికే పోయాయన్న బాధ రహమతుల్లాను ఎక్కువ కుదిపింది. సకీనా రవికెలు ఇచ్చేసి వచ్చాక అతను బండెక్కి స్టార్ట్ చేశాడు. సందు చివర తిరగబోయి నేరుగా ఎదురింటి వాకిట్లోకి పోయాడు. వెనక్కి నెట్టుకుని మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అదే వాకిలి. ఈసారి ఆ ఇంటావిడ, "లోపలికి రాండప్పా, టీ పెడతా" అంది.

రహమతుల్లా దిగి తాళంచెవి సకీనా చేతిలో పెట్టాడు. "నువ్వే తోలు. రోజూ ఎట్ల తిప్పుతాండావో సూస్తా."

ఆమె మలుపుకు ముందే బ్రేకు వేసింది, హ్యాండిలు గట్టిగా నెట్టింది. బండి పెంచిన మేకలా తిరిగింది. వెంకటసుబ్బమ్మ శనగల కుప్పను ఒక్క గింజ కదలకుండా దాటారు. వెనకనుంచి రహమతుల్లా, "శానా బాగా తోలుతాండావే" అన్నాడు. మూడేండ్లలో అతను బండి గురించి కాకుండా ఆమె గురించి అన్న మొదటి మాట అదే, సకీనాకు కడుపు నిండిపోయింది.

ప్రొద్దుటూరులో బండి గుంట దగ్గర ఆగేసరికి వాకిట్లో గుల్జార్‌బీ, గోడ అవతల బాలసుబ్బయ్య కాచుకుని ఉన్నారు.

"ఏమిరా, మొగోడివి వెనక కూచ్చుంటివే?" అంది గుల్జార్‌బీ.

రహమతుల్లా ఒక్క క్షణం సకీనా వైపు చూశాడు. తర్వాత తల పైకెత్తి, "ముందర నాకు కాళ్ళు పట్టడం ల్యావమ్మా. పెరిగినా గదా!" అన్నాడు.

ఆ ప్యాంటు కుట్లు సకీనా ఇంతవరకు విప్పలేదు, విప్పమని అతనూ అడగలేదు.