విరామం అత్తయ్య పదవీకాలం

నిప్పు, చక్రం తర్వాత మానవజాతి సాధించిన చెప్పుకోదగ్గ విజయం ఆ ఊరి కేబుల్ టీవీ. దాని ప్రధాన కార్యాలయం ఓనరుగారి ముందుగది. అందులో ఒక సీడీ ప్లేయరు, ఒక మడతకుర్చీ, కుర్చీలో ఓనరుగారి తల్లి. ప్లేయరు నుంచే వైరు ఊళ్ళోకి పోయేది కాబట్టి, ఆవిడ చూసే సినిమానే ఊరంతా చూసేది.

పొయ్యి మీద పాలు గుర్తొస్తే ఆవిడ బొమ్మ ఆపి లోపలికి వెళ్ళేది. విలన్‌ని తన్నబోయిన హీరో కాలు గాల్లోనే ఉండిపోయేది. ఆ సందులో ఊరు అన్నాలు వడ్డించుకునేది. (ఊరంతా ఒకేసారి చేతులు కడుక్కోవడం చూసిన జనాభా లెక్కల అధికారి, అంటువ్యాధేమోనని రాసుకుపోయాడు.) ఆవిడకు విరామం అత్తయ్య అనే పేరు ఖాయమైంది.

క్రమంగా నిబంధనలు పుట్టాయి. విరామం కావలసినవారు ముందురోజే విన్నవించుకోవాలి. పురిటినొప్పులకు మినహాయింపు.

"అత్తయ్యా, రేపు ఏడుపు సీను మా ఆడపడుచు వెళ్ళాక రానివ్వండి," అంది పక్కింటి దర్జీ భార్య.

"ఏం, ఆవిడ ఏడుస్తుందా?"

"మా ఆయన ఏడుస్తాడు. ఆవిడ చూసిందంటే నేనే ఏడిపిస్తున్నానని ఊరూరా చెప్తుంది."

అనుమతి మంజూరైంది.

పదవి వల్ల అత్తయ్యకు గర్వం రాలేదు గానీ, పగటి నిద్ర కరువైంది. ఒకసారి తను కునుకు తీస్తే, లేపే ధైర్యం లేక, సీడీ అయిపోయాక మిగిలిన నీలం తెరనే ఊరంతా చూస్తూ కూర్చుందట.

తర్వాత కంపెనీవాళ్ళు ఇంటికో పెట్టె బిగించారు. ఎవరి బొమ్మ వాళ్ళే ఆపుకోవచ్చు. ఓనరు కంపెనీ ఏజెంటయ్యాడు. పాత వైరు కత్తిరించాడు గానీ, తల్లికి చెప్పడానికి నోరు రాలేదు. విన్నపాలు ఆగిపోయాయి. ఊళ్ళో ఆడపడుచులందరూ మంచివాళ్ళయిపోయారు కాబోలనుకుంది అత్తయ్య.

ఒక సాయంత్రం పాలు గుర్తొచ్చి ఆవిడ బొమ్మ ఆపింది. కిటికీ అవతల, దర్జీ ఇంట్లో పాట సాగుతూనే ఉంది.

పాల సంగతి వదిలేసి, పెట్టె మీదున్న నంబరుకు ఫోన్ చేసింది.

"బాబూ, నేనాపితే ఊరు ఆగట్లేదు."

"అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడం. మీ టీవీ ఆగిందా?"

"నాది ఆగింది నాయనా."

"అయితే అంతా సవ్యంగానే ఉంది మేడం."

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. అంతలో ఫోన్లో సందేశం: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు?

అత్తయ్య అయిదూ ఇచ్చేసింది. ఇన్నాళ్ళకు ఒకరు తనని ఏదో అడిగారు కదా.