దేవకుమారి తీసిన తరుగు

నలభై దాటినవాళ్ళందరికీ బీజగణితం నిర్బంధంగా నేర్పాలి! ఇది నా దృఢాభిప్రాయం. ఎక్స్ విలువ తెలియని మనిషి చంటిపిల్లల ముక్కు తుడవగలదా? గుడ్డు ఒలిచి పెట్టగలదా? మీరే చెప్పండి!

ప్రత్తిపాడు అంగన్‌వాడీలో ఆయా దేవకుమారి పద్నాలుగేళ్ళుగా ఈ పనులన్నీ ఎక్స్ తెలియకుండానే చేసేసింది. ఎంత ప్రమాదం! టీచరమ్మ రిటైరయ్యాక ఏడాదిగా పాటలూ, అక్షరాలూ కూడా ఆమే చెబుతోంది. ఆ టీచరు పోస్టేదో తనకే ఇమ్మని అడిగితే, టెన్త్ పాసై రమ్మన్నారు ఆఫీసువాళ్ళు. దూరదృష్టి అంటే అదీ! ఆ పోస్టంటే ఆమెకు ప్రాణం. అందుకే నలభై ఆరేళ్ళ వయసులో ఓపెన్ స్కూల్లో చేరింది.

సాయంత్రాలు చర్చి వరండాలో సంజీవరావు మాస్టారి పాఠం.

"బస్తా మిరపకాయల బరువు ఎక్స్ అనుకుందాం. మూడు బస్తాలూ, పైన ఐదు కిలోలూ కలిపితే నూట పాతిక కిలోలు. బస్తా ఎంత?"

దేవకుమారి వేళ్ళు మడిచి చెప్పేసింది. "ముప్ఫై తొమ్మిదండీ."

"నలభై కదమ్మా?"

"సంచి తరుగు కిలో తియ్యొద్దా మాస్టారూ?"

"ఇది లెక్కమ్మా, కాటా కాదు!"

"కాటా వెయ్యకుండా నూట పాతికని ఎట్టా తెలిసిందండీ?"

తాలుకాయలు ఏరేస్తే ముప్ఫై ఎనిమిదికి మించదని వెనక కూర్చున్న తోటి విద్యార్థిని నాంచారమ్మ తేల్చింది. క్లాసంతా అటే మొగ్గింది. మాస్టారు ఆ పూటకి పాఠం చాలించారు.

పరీక్షలోనూ బస్తాల లెక్కే వచ్చింది. ఆయా కాకముందు ఏళ్ళ తరబడి కల్లాల్లో కాయ తూచిన చెయ్యి ఊరుకుంటుందా? తరుగు తీసేసింది. రెండు మార్కుల్లో పోయింది. చూశారా, పసిపిల్లలు ఎంత ఘోరం నుంచి తప్పించుకున్నారో! దేవకుమారి గుక్కపెట్టి ఏడ్చి, మర్నాడు తొమ్మిదింటికల్లా ఆ పిల్లలకే పాటలు నేర్పింది.

రెండోసారి పట్టుబట్టి కూర్చుంది. సంచికి బరువుండదనీ, మిరపకాయల్లో తాలుండదనీ మనసుకు నచ్చజెప్పుకుంది. విద్యంటే అదే కదా! ఈసారి యాభై ఎనిమిది మార్కులతో పాసయింది.

సర్టిఫికెట్ పట్టుకుని ఆఫీసుకు వెళితే, ఆ పోస్టుకు ఇప్పుడు ఇంటర్ కావాలన్నారు.

ఆమె తిన్నగా మాస్టారి దగ్గరకు వచ్చింది.

"నేనెంత చదివితే సరిపోద్దండీ? అది అడిగేవాళ్ళకైనా తెలుసా?"



అయ్యా, బీజగణితం రాని మనిషికి ఇంత మంచి ప్రశ్న వేయడం చేతనయ్యేదా?